పడుగేది, పేకేది? స్థలకాలం సంగతి మొదటి నుంచి

హన్మకొండలో నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. మొన్న క్లాసు అయ్యాక ఒక అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. "సార్, టైమ్ అనేదే లేదంట గదా. ఐన్‌స్టీన్ చెప్పిండంట" అంది. చూపించింది ఒక నిమిషం రీల్. చీకట్లో వల లాంటి గీతలు, వల మధ్యలో ఒక గుండు, గుండు బరువుకు వల కుంగిపోయి ఉంది. "స్థలం, కాలం కలిసి ఒకే వస్త్రం" అని ఒక గంభీరమైన గొంతు. ఆ వెంటనే "కాలం ఒక భ్రమ". ఆ వెంటనే "కాబట్టి గతంలోకి పోవచ్చు".

ఒక్క నిమిషంలో నాలుగు సంగతులను ముడేశారు. స్థలమూ కాలమూ విడివిడి కావన్నది నూరేళ్ళకు పైగా ప్రయోగాలకు నిలబడ్డ మాట. వస్త్రం అన్నది ఒక పోలిక. కాలం భ్రమ అన్నది ఇంకా తేలని వాదం. గతంలోకి పోవచ్చన్నదానికి ఏ ఆధారమూ లేదు. ముడి విప్పాలంటే తేలికైన చోట మొదలుపెట్టాలి.

పెళ్ళి పత్రికలో ఉండే నాలుగు అంకెలు

పెళ్ళి పత్రికలో వధూవరుల పేర్ల తర్వాత తప్పకుండా ఉండేవి రెండు: ఎక్కడ, ఎప్పుడు. ఫంక్షన్ హాల్ అడ్రస్ రాసి ముహూర్తం రాయకపోతే వెళ్ళలేం. ముహూర్తం రాసి అడ్రస్ రాయకపోయినా అంతే. చోటు చెప్పడానికి మూడు అంకెలు కావాలి: తూర్పు పడమరల్లో ఎంత, ఉత్తర దక్షిణాల్లో ఎంత, నేల నుంచి ఎంత ఎత్తు. వేళకు ఒకటి. మొత్తం నాలుగు.

భద్రకాళి గుడిలో అర్చన చేయించుకున్నవాళ్ళు సంకల్పం విని ఉంటారు. పూజారి భరతవర్షం, భరతఖండం అంటూ మొదలుపెట్టి కృష్ణా గోదావరుల మధ్య ప్రదేశం దాకా వస్తాడు. అక్కడ ఆగకుండా సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెబుతాడు. ఒక పని జరుగుతోందని చెప్పాలంటే దేశమూ కావాలి, కాలమూ కావాలి.

ఇలా చోటూ వేళా రెండూ తేలిన దాన్ని భౌతిక శాస్త్రంలో సంఘటన అంటారు. ఇప్పటిదాకా జరిగినవి, ఇకముందు జరగబోయేవి, అన్ని సంఘటనలూ కలిసిన మొత్తమే స్థలకాలం. ఇంతే అయితే ఇందులో కొత్తేమీ లేదు. నాలుగు గళ్ళున్న ఖాతా పుస్తకం, అంతే. న్యూటన్‌కూ దీంతో పేచీ ఉండదు. పేచీ ఆ గళ్ళ మధ్య ఉన్న గోడ దగ్గర వచ్చింది.

మా మేనమామ చార్ట్

మా మేనమామది కాజీపేట. రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. నా ఆరో తరగతి పుస్తకాలకు ఆయన పాత కంట్రోల్ చార్టులతో అట్టలు వేసిచ్చాడు. మందమైన పెద్ద కాగితం. అడ్డంగా గంటలు, ఒక్కో గంటలో నిమిషాల సన్న గీతలు. నిలువుగా స్టేషన్ల పేర్లు: కాజీపేట, ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్, అలా సికింద్రాబాద్ దాకా. వాటి మీద ఏటవాలుగా పెన్సిల్ గీతలు. ఒక్కో గీత ఒక్కో బండి.

ఏటవాలు ఎక్కువున్న గీత ఎక్స్‌ప్రెస్. పడుకున్నట్టుండే గీత గూడ్స్. ఆలేరు లూప్ లైన్లో గూడ్సును ఆపి ఎక్స్‌ప్రెస్‌ను ముందుకు పంపిస్తే, గూడ్స్ గీత ఆలేరు పేరు వెంట అడ్డంగా సాగిపోతుంది, ఎక్స్‌ప్రెస్ గీత దాన్ని కోసుకుంటూ పోతుంది. బండి ఆగింది కదా, గీత ఎందుకు ఆగలేదని చిన్నప్పుడు అడిగాను. "బండి ఆగుతది గానీ టైమ్ ఆగుతదారా" అన్నాడు మామయ్య.

ఆ చార్ట్ స్థలకాలం బొమ్మే. చార్ట్ మీద ఒక చుక్క ఒక సంఘటన: ఫలానా స్టేషన్, ఫలానా నిమిషం. ఒక వస్తువు గీతను భౌతిక శాస్త్రవేత్తలు దాని విశ్వరేఖ అంటారు. వాళ్ళు కాగితాన్ని తిప్పి కాలాన్ని నిలువుగా పెడతారు, అంతే తేడా. కుర్చీలో కదలకుండా కూర్చున్న మీకూ ఒక గీత ఉంది. ఈ వాక్యం చదువుతుండగా అది పొడుగవుతూనే ఉంది.

ఇప్పుడు ఆ చార్టుతో ఒక పని చేద్దాం. అడ్డం కొలతా నిలువు కొలతా ఒకే జాతివి కావాలి కాబట్టి, కాలాన్ని కాంతి వేగంతో గుణిద్దాం. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అప్పుడు ఒక సెకను అంటే 3 లక్షల కిలోమీటర్లు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు 132 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌కు రెండు గంటలనుకుందాం. రెండు గంటలు అంటే 216 కోట్ల కిలోమీటర్లు. 216 కోట్లు అటు పోతే 132 ఇటు. ఆ గీత వంగిందని ఏ కంటికీ కనిపించదు. మనం రైల్లో పోతున్నా నిజానికి దాదాపు పూర్తిగా కాలంలోనే పోతున్నాం. స్థలానికీ కాలానికీ ఉన్న చుట్టరికం మన కంట ఎందుకు పడలేదో ఈ లెక్కలోనే ఉంది.

టీ కప్పు కదిలిందా, లేదా?

ఒకావిడ కాజీపేట దాటుతుండగా టీ కొన్నది. జనగామ దగ్గర ఖాళీ కప్పు కింద పెట్టింది. ఈ రెండు సంఘటనల మధ్య దూరం ఎంత? ఆమెను అడిగితే సున్నా, రెండూ తన సీటు దగ్గరే జరిగాయి. పట్టాల పక్క పొలంలో ఉన్న రైతును అడిగితే దాదాపు 50 కిలోమీటర్లు. ఇద్దరిదీ నిజమే. అంటే రెండు సంఘటనల మధ్య దూరం చూసేవాళ్ళను బట్టి మారుతుందన్నది ఐన్‌స్టీన్ కంటే ముందు నుంచీ తెలిసిందే. దూరం మారినా కాలం మారదు, అది అందరికీ ఒకటే అని మాత్రం గట్టిగా నమ్మారు. ఆ గోడను కూల్చింది కాంతి.

రైలు గంటకు 90 కిలోమీటర్లతో పోతోంది, లోపల టీ అమ్మే అతను ముందుకు 5తో నడుస్తున్నాడు. నేల మీది మనిషికి అతని వేగం 95. కాంతితో ఈ కూడిక పనిచేయదు. 1887లో మైకెల్సన్, మోర్లీ అమెరికాలో చాలా జాగ్రత్తగా కొలిచారు. భూమి సూర్యుడి చుట్టూ పరుగెడుతున్నా, ఏ దిక్కున కొలిచినా కాంతి వేగంలో తేడా దొరకలేదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం చేస్తున్న ఐన్‌స్టీన్ 1905లో దీన్ని పునాదిగా తీసుకున్నాడు: వేగం మారకుండా తిన్నగా పోయేవాళ్ళందరికీ కాంతి వేగం ఒకటే. అలా అయితే ఇంకేం మారాలి?

బోగీ సరిగ్గా మధ్యలో ఒక బల్బు వెలిగిందనుకోండి. లోపల కూర్చున్నవాళ్ళకు వెలుగు ముందు తలుపునూ వెనక తలుపునూ ఒకేసారి తాకుతుంది. ప్లాట్‌ఫాం మీది మనిషి చూపులో, వెలుగు బయల్దేరాక వెనక తలుపు దానికి ఎదురొస్తోంది, ముందు తలుపు దూరం జరుగుతోంది. వెలుగు వేగం రెండు వైపులా ఒకటే కాబట్టి అతని లెక్కలో వెనక తలుపును ముందు తాకుతుంది. లోపలివాళ్ళకు ఒకేసారి జరిగినవి బయటివాళ్ళకు ఒకదాని తర్వాత ఒకటి. తప్పు ఎవరిదీ కాదు. గంటకు 108 కిలోమీటర్లతో పోయే 24 మీటర్ల బోగీలో ఈ తేడా ఎంతో లెక్కవేస్తే, సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి అందులో ఒక ముక్కను తీసుకుంటే దానిలో వందో వంతు కూడా ఉండదు. ఏ ప్రయాణికుడికీ తెలియదు. కానీ సున్నా కాదు.

నా అనుభవంలో పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. గడియారాలు నెమ్మదిస్తాయన్నది సులువుగా ఒప్పుకుంటారు. "ఒకేసారి" అన్న మాటకు అందరికీ వర్తించే అర్థం లేదన్నది మింగుడుపడదు. మిగిలినదంతా దీని మీదే నిలబడి ఉంది, కాబట్టి ఇక్కడ కాస్త కూర్చోవడం మంచిది.

ఇద్దరూ ఒప్పుకునే అంకె

దూరం మీద ఒప్పందం లేదు, కాలం మీద లేదు. మరి అందరూ ఒప్పుకునేది ఏమైనా ఉందా? ఉంది. ఐన్‌స్టీన్‌కు జ్యూరిక్‌లో లెక్కలు చెప్పిన హెర్మన్ మింకోవ్‌స్కీ దాన్ని బయటపెట్టాడు. 1908 సెప్టెంబర్‌లో జర్మనీలోని కొలోన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో, ఇకపై స్థలాన్నీ కాలాన్నీ విడివిడిగా చూడటం కుదరదని, రెండింటి కలయికకే సొంత అస్తిత్వం ఉంటుందని ప్రకటించాడు. నాలుగు నెలలకే, 44 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆ ఉపన్యాసమూ ఐన్‌స్టీన్ వ్యాసాలూ మన దేశంలోనే ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ చేసిన ఆ అనువాదాలను 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం అచ్చువేసింది.

మింకోవ్‌స్కీ ఆలోచన పొలంలో చూద్దాం. చెట్టు దగ్గర నుంచి బావికి తూర్పుగా 3 మీటర్లు, ఉత్తరంగా 4 మీటర్లు. ఇంకొకాయన దిక్కులు లెక్కపెట్టకుండా గట్టు వెంట కొలిచాడు. ఆయనకు గట్టు వెంట 5, గట్టుకు అడ్డంగా 0. అంకెలు వేరు. కానీ 3 వర్గం 9, 4 వర్గం 16, కలిపితే 25. ఆయనకూ 5 వర్గం 25, సున్నా కలిపితే 25. చెట్టుకూ బావికీ మధ్య ఉన్న దూరం ఎవరు కొలిచినా ఒకటే.

స్థలకాలంలోనూ ఇలాంటి లెక్కే. ఒక్క గుర్తు మారుతుంది, కూడిక బదులు తీసివేత. కాలం వర్గంలోంచి దూరం వర్గాన్ని తీసేయాలి. కాలం సంవత్సరాల్లో అయితే దూరం కాంతి సంవత్సరాల్లో ఉండాలి, అంటే కాంతి ఒక ఏడాదిలో పోయే దూరం లెక్కన. వచ్చిన అంకెను అంతరం అంటారు. అది అందరికీ ఒకటే.

కవలల్లో ఒకామె కాజీపేటలో ఉంది, చెల్లె నౌకలో కాంతి వేగంలో 60 శాతం వేగంతో 6 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రానికి పోయింది. అక్క లెక్కలో ప్రయాణానికి 10 ఏళ్ళు. 10 వర్గం 100, 6 వర్గం 36, తీసేస్తే 64. చెల్లె లెక్కలో తాను కదలనే లేదు, బయల్దేరడం, చేరడం రెండూ నౌకలోనే జరిగాయి, దూరం సున్నా. అయినా అంతరం 64 రావాలి. అంటే ఆమె గడియారంలో 8 ఏళ్ళు. తిరిగి రావడానికి ఇంకో 8. పాతికేళ్ళప్పుడు విడిపోయిన కవలలు కలిసేసరికి అక్కకు 45, చెల్లెకు 41.

"చెల్లె దృష్టిలో అక్కే దూరం పోయింది కదా, మరి అక్క ఎందుకు చిన్నది కాలేదు?" ఇది చాలా మంచి ప్రశ్న, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. చార్ట్ గీయిస్తాను. అక్క గీత తిన్నగా ఉంటుంది. చెల్లె గీత నక్షత్రం దగ్గర విరిగి వెనక్కి తిరుగుతుంది. తిరగడం వల్ల కలిగే కుదుపు చెల్లెకే తెలుస్తుంది, అక్కకు తెలియదు. కొన్ని పుస్తకాలు ఆ కుదుపునే కారణంగా చెబుతాయి, కొన్ని గీత ఆకారాన్ని చెబుతాయి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. నాకు మాత్రం రెండోదే సూటిగా అనిపిస్తుంది. ఒకే రెండు ఊళ్ళ మధ్య రెండు దారులుంటే బండి మీటర్లో వేరువేరు కిలోమీటర్లు పడతాయి, ఎవరూ ఆశ్చర్యపోరు. చేతి గడియారం స్థలకాలంలో ఆ బండి మీటర్ లాంటిది. నేల మీద వంకర దారి ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. ఇక్కడ తీసివేత గుర్తు ఉంది కాబట్టి వంకర దారి తక్కువ ఏళ్ళు చూపిస్తుంది.

మగ్గం మీద తేలిన సందేహం

ఆ అమ్మాయిది కొత్తవాడ. జంపఖానాలూ దర్రీలూ నేసే వాడ. వాళ్ళ తాత చివరిదాకా మగ్గం మీదే బతికాడు. నేను మాటల్లో "పడుగూ పేకా లాగా స్థలమూ కాలమూ అల్లుకుపోయాయి" అన్నాను. ఆమె వెంటనే, "అట్ల కాదు సార్. ఎంత అల్లినా పడుగు పడుగే, పేక పేకే. జంపఖానా ఎటు తిప్పినా మా తాత ఇది పడుగు అని చెప్తుండె" అంది.

ఆమె మాట నిజం. వస్త్రం పోలిక విరిగే చోటు అదే. జంపఖానాలో ఏ దారం పడుగో చూసేవాళ్ళను బట్టి మారదు. స్థలకాలంలో మారుతుంది. అక్క "ఇది అచ్చంగా కాలం" అనుకునే దిక్కులో చెల్లె లెక్క ప్రకారం కొంత దూరం కలిసి ఉంటుంది. అక్కకు "ఒకేసారి" అయిన గీత చెల్లెకు వాలుగా కనిపిస్తుంది. రెండు దారాలు పక్కపక్కన అల్లుకున్నాయని కాదు, ఏది పడుగో ఏది పేకో అన్నదే వేగాన్ని బట్టి కొంత మారుతుంది.

పూర్తిగా తారుమారు కూడా కాదు. కాంతి ఒక హద్దు గీస్తుంది. ఒక సంఘటన నుంచి బయల్దేరిన వెలుగు రెండోదానికి అందగలిగితే, ఏది ముందు ఏది వెనక అన్నదాంట్లో లోకంలో అందరూ ఒక్కమాటే అంటారు. విత్తనం ముందు, మొలక తర్వాత. ఏ నౌకలోంచి చూసినా అంతే. వెలుగు అందనంత దూరపు సంఘటనల విషయంలోనే ముందూ వెనకా మారవచ్చు. సూర్యుడి వెలుగు మనకు చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. సూర్యుడి మీద ఈ క్షణాన ఏదైనా జరిగితే, రాబోయే 8 నిమిషాల్లో ఇక్కడ జరిగేదానికి అది కారణం కాలేదు, కాబట్టి వాటి వరుస మారినా ఏ కారణమూ ఫలితమూ తలకిందులు కావు. రీల్ చెప్పిన "గతంలోకి పోవచ్చు" ఇక్కడ ఆగిపోతుంది. సాధారణ సాపేక్షతలో, అంటే గురుత్వాకర్షణను కూడా కలిపిన ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో, కాలం సుడి తిరిగి మొదటికొచ్చే విశ్వాలు లెక్కల ప్రకారం సాధ్యమేనని 1949లో గణితవేత్త కుర్ట్ గోడెల్ చూపించిన మాట నిజం. మన విశ్వం అలా ఉందనడానికి మాత్రం ఆధారమేదీ దొరకలేదు.

అరచేతిలోంచి పోయే సాక్ష్యం

అరచేయి ఆకాశం వైపు చాచండి. సుమారు సెకనుకు ఒకటి చొప్పున మ్యూయాన్ అనే కణం దాన్ని చీల్చుకుంటూ పోతోంది. అంతరిక్షం నుంచి వచ్చే కణాలు గాలి పొరలను ఢీకొన్నప్పుడు, దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున ఇవి పుడతాయి. మ్యూయాన్ సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతులు 2.2 మాత్రమే. అంతలో కాంతి కూడా 660 మీటర్లకు మించి పోలేదు. మరి 15 కిలోమీటర్లు దిగి మీ చేతిదాకా ఎలా వచ్చింది?

మన లెక్కలో దాని గడియారం నెమ్మదించింది. కాంతి వేగంలో 99.8 శాతంతో వచ్చే మ్యూయాన్‌కు ఆయుష్షు దాదాపు 16 రెట్లు పెరుగుతుంది, 660 మీటర్లు 10 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే చాలా కణాలు నేలకు దిగుతాయి. మ్యూయాన్ లెక్కలో దాని ఆయుష్షు మారలేదు, పరుగెత్తుకొస్తున్న గాలి పొర మందమే 15 కిలోమీటర్ల నుంచి ఒక కిలోమీటర్ లోపుకు తగ్గింది. ఒకరు కాలం సాగిందంటారు, ఒకరు దూరం కుంచించుకుందంటారు. చేతిని తాకిందన్నది ఇద్దరికీ ఒకటే. ఈ లెక్కను 1941లోనే రోసీ, హాల్ కొండ మీదా కిందా మ్యూయాన్లను లెక్కపెట్టి సరిచూశారు. 1971లో హాఫెలీ, కీటింగ్ అణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పి తెచ్చి, నేల మీది గడియారాలతో పోల్చితే తేడాలు సిద్ధాంతం చెప్పినట్టే వచ్చాయి.

మామిడికాయ ఎందుకు పడుతుంది?

ఇక్కడిదాకా గురుత్వాకర్షణ ఊసు లేదు. ఐన్‌స్టీన్ దాన్ని కలపడానికి 1907 నుంచి 1915 నవంబర్ దాకా తిప్పలు పడ్డాడు. పట్టుకున్న కొస చాలా చిన్నది: పడిపోతున్న మనిషికి తన బరువు తెలియదు. జాతరలో జెయింట్ వీల్ కిందికి దిగేటప్పుడు కడుపులో తేలిపోయినట్టు ఉంటుందే, అదే. స్వేచ్ఛగా పడే వస్తువును ఎవరూ లాగడం లేదు, అది స్థలకాలంలో తనకు దొరికిన తిన్నని దారిలో పోతోంది అన్నాడు. దారి మనకు వంకరగా కనిపించడానికి కారణం స్థలకాలమే వంగి ఉండటం. భూమధ్యరేఖ మీద పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు తిన్నగా ఉత్తరానికి నడిస్తే ధ్రువం దగ్గర ఒకరికొకరు తగులుతారు. వాళ్ళను ఎవరూ దగ్గరికి నెట్టలేదు, నేల గుండ్రంగా ఉంది, అంతే.

రీల్‌లోని గుండు బొమ్మ ఇక్కడికి వస్తుంది. చాలామంది టీచర్లు దాన్ని సమర్థిస్తారు, పిల్లలకు ఒక్క చూపులో ఏదో అందుతుందని. నిజమే, అందుతుంది. కానీ దాంట్లో రెండు లోపాలున్నాయి. గుండు గుడ్డను కుంగదీయడానికే కింద ఇంకో గురుత్వాకర్షణ కావాలి. పైగా అది స్థలం వంగడాన్ని మాత్రమే చూపిస్తుంది. మన చుట్టూ నెమ్మదిగా కదిలే వస్తువులకు అసలు పని చేసేది కాలం వంగడం.

నేలకు దగ్గరగా గడియారం నెమ్మదిగా నడుస్తుంది, ఎత్తున కాస్త వేగంగా. 3 మీటర్ల పై అంతస్తులో 80 ఏళ్ళు బతికితే, కింది అంతస్తువాళ్ళ కంటే మీ గడియారం సెకనులో పది లక్షల వంతు కన్నా తక్కువ ముందుంటుంది. ఇది ఊహ కాదు. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ ఒక గడియారాన్ని మరోదాని కంటే 33 సెంటీమీటర్లు పైకెత్తి తేడా కొలిచింది. 2022 నాటికి ఒక మిల్లీమీటర్ ఎత్తులో తేడా కూడా పట్టుకున్నారు.

మామిడికాయను పైకి ఎగరేయండి. అది చేతి నుంచి బయల్దేరి చేతికి చేరేలోపు తన గడియారంలో వీలైనంత ఎక్కువ కాలం గడపాలని చూస్తుందని అనుకోవచ్చు. పైకి పోతే గడియారం వేగం పెరుగుతుంది. కానీ మరీ పైకి పోవాలంటే వేగంగా కదలాలి, కదిలితే గడియారం నెమ్మదిస్తుంది. ఆ రెండింటి మధ్య బేరం కుదిరే దారి ఒకటే. లెక్క వేస్తే అది మనకు బాగా తెలిసిన ఆ వంపే. స్థలకాలం గురించి నాకు తెలిసిన వాటన్నింట్లో నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునేది ఇది. గాల్లో లేచి పడే కాయలో ఇంత లెక్క ఉంది.

ఫోన్లో దారి చూసుకునే ప్రతి ఆటో అన్నకు కూడా ఇది పనికొస్తోంది. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వాటి వేగం వల్ల గడియారాలు రోజుకు 7 మైక్రోసెకన్లు (సెకనులో పది లక్షల వంతులు 7) వెనకబడతాయి, ఎత్తు వల్ల 45 ముందుకు పోతాయి. నికరంగా 38 ముందు. అంతలో వెలుగు 11 కిలోమీటర్లకు పైగా పోతుంది. "ఐన్‌స్టీన్ లేకపోతే మ్యాప్ రోజుకు 11 కిలోమీటర్లు తప్పేది" అని చాలాచోట్ల రాస్తారు. అది కొంత తొందరపాటు. ఫోన్ నాలుగు ఉపగ్రహాల సంకేతాలను పోల్చుకుంటుంది, అన్ని గడియారాలూ ఒకేలా తప్పితే ఆ తప్పులో చాలా భాగం కొట్టుకుపోతుంది. అయినా వ్యవస్థ అంతా నిలబడేది కచ్చితమైన కాలం మీదే కాబట్టి, ఉపగ్రహం గడియారాన్ని నేల మీద ఉండగానే ఆ మేరకు నెమ్మదిగా నడిచేలా సరిచేసి పంపుతారు.

వంగేది కాబట్టి స్థలకాలం వణకగలదు కూడా. దాదాపు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు (బ్లాక్ హోల్స్) కలిసినప్పటి వణుకును 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో పరిశోధనశాల పట్టుకుంది. చేతుల్లా చాచి ఉన్న దాని 4 కిలోమీటర్ల గొట్టాల పొడవు ప్రోటాన్ వెడల్పులో వందో వంతు కన్నా తక్కువ మారితే అది గుర్తించింది. అలాంటిదే మన దేశంలోనూ కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. చోటు మహారాష్ట్రలోని హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ్ దగ్గర. నిజామాబాద్ నుంచి బాసర, నాందేడ్ దాటి పోతే వచ్చే జిల్లా అది. మా పిల్లల్లో ఎవరైనా అక్కడ పనిచేస్తే చూడాలని ఉంది.

బ్రహ్మలోకం నుంచి తిరిగొచ్చిన రాజు

ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ రైవతుడి కథ వస్తుంది. మన పక్కనే బమ్మెరలో పుట్టిన పోతన భాగవతంలో, నవమ స్కంధంలో ఉంది. రైవతుడు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి ఆమెను తీసుకుని బ్రహ్మలోకం పోతాడు. అక్కడ పాట సాగుతుంటే కాసేపు ఆగుతాడు. అడిగేసరికి భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోయాయని బ్రహ్మ చెబుతాడు. రేవతి చివరికి బలరాముడి భార్య అవుతుంది.

ఇది చదివి మనవాళ్ళకు సాపేక్షత ముందే తెలుసనేవారున్నారు. ఇదంతా కట్టుకథ, క్లాసులో ఎత్తకూడదనేవారూ ఉన్నారు. చోటును బట్టి కాలం వేరుగా నడవవచ్చని ఊహించడం చిన్న విషయం కాదు, దాన్ని నేను గౌరవంగానే చెబుతాను. అయితే ఎంత వేగానికి ఎంత తేడా, ఎందుకు, ఎలా కొలవాలి అన్నది ఆ కథ చెప్పదు, చెప్పాలనీ అనుకోలేదు. మ్యూయాన్‌కు 16 రెట్లు అనే అంకె కథలోంచి రాదు, అంతరం లెక్కలోంచి వస్తుంది.

"ఇప్పుడు" అనేది ఉందా?

ఇక రీల్‌లోని "కాలం భ్రమ". "ఒకేసారి" అన్నది అందరికీ ఒకటి కాకపోతే, విశ్వమంతటికీ ఒకే "ఇప్పుడు" ఉండదు. దాంతో కొందరు, చార్ట్ అంతా ఇప్పటికే ఉంది, గతమూ భవిష్యత్తూ వర్తమానమంత నిజం, "గడుస్తోంది" అన్నది మన మనసు మాట అంటారు. ఇంకొందరు ఒప్పుకోరు. చార్ట్ లెక్కకు పనికొచ్చినంత మాత్రాన లోకం చార్టే అయిపోదు, మామయ్య గీత గీసింది బండి వచ్చాకే కదా, రేపటి గీత ఇంకా గీయలేదు అన్నది వాళ్ళ వాదం. అణువుల లోకపు (క్వాంటమ్) కొలతల ఫలితాలు ముందే తేలి ఉండవన్న వాదనను వాళ్ళు ఆసరాగా చూపిస్తారు. రెండు పక్షాలూ ఐన్‌స్టీన్ సమీకరణాలను ఒప్పుకుంటాయి, ఇప్పటిదాకా ఏ ప్రయోగమూ ఒక పక్షాన్ని ఓడించలేదు. కృష్ణబిలం నడిబొడ్డున, విశ్వం తొలి క్షణంలో ఆ సమీకరణాలే చేతులెత్తేస్తాయి. అక్కడ స్థలకాలమే ఇంకేదో లోతైన దానిలోంచి పుట్టుకొస్తుందేమోనని కొందరు లెక్కలు వేస్తున్నారు.

ఐన్‌స్టీన్ రెండు వైపులా కనిపిస్తాడు. 1955లో జ్యూరిక్‌లో చదువుకునే రోజుల నాటి తన స్నేహితుడు మిషెల్ బెస్సో చనిపోతే ఆ కుటుంబానికి రాసిన ఉత్తరంలో, భూత వర్తమాన భవిష్యత్తుల తేడా ఎంత మొండిదైనా భ్రమేనని ఓదార్చాడు. నెల తిరక్కముందే తానూ పోయాడు. అదే మనిషి "ఇప్పుడు" అన్న అనుభవం భౌతిక శాస్త్రానికి అందడం లేదని దిగులుపడ్డాడని తత్వవేత్త రుడాల్ఫ్ కార్నాప్ రాశాడు.

ఈ ఉత్తరం సంగతి చెప్పినప్పుడు ఆ అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే సార్, మా తాత ఉన్న రోజులు ఇంకా ఉన్నట్టేనా?" అంది. తాత పోయినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు. మొదటి పక్షం ప్రకారం ఉన్నట్టే, నువ్వు అక్కడికి పోలేవు అంతే అన్నాను. రెండో పక్షం ప్రకారం లేవు, వాటి గుర్తులే ఉన్నాయి అని కూడా చెప్పాను. నువ్వేమంటావని అడిగితే జవాబు చెప్పలేదు. నోట్‌బుక్ తీసి నిలువుగా కాలం పెట్టి రెండు గీతలు గీసింది. ఒకటి పొడుగ్గా వచ్చి మధ్యలో ఆగింది. రెండోది మధ్యలో మొదలై పేజీ చివరిదాకా పోయింది. రెండూ పక్కపక్కన నడిచిన ఆ తొమ్మిదేళ్ళ ముక్క మీద పెన్సిల్‌తో ఇంకోసారి దిద్దింది.